పురుషుడి ప్రసవం.. ప్రతిసారీ ‘తొలిసారే’నా? ఫొటో వైరల్ అయ్యాక ఆ కుటుంబాలకు ఏమవుతుంది?

పురుషుడి రూపం.. నిండు పొట్ట.. దాని మీద ఆనించిన చెయ్యి. 2008లో అమెరికా నుంచి ప్రపంచమంతా తిరిగిన ఫొటో ఇది. 2023లో కేరళలోని కోజికోడ్ నుంచి వచ్చిన ఫొటో కూడా దాదాపు ఇలాంటిదే. మధ్యలో పదిహేనేళ్లు గడిచాయి. హెడ్‌లైన్లలో మాటలు మాత్రం పెద్దగా మారలేదు. ‘తొలిసారి’, ‘వింత’, ‘షాకింగ్’..

ట్రాన్స్ మెన్ గర్భం దాల్చి బిడ్డకు జన్మనిచ్చిన వార్త బయటికొస్తే కొన్ని రోజులు హడావుడి నడుస్తుంది. ఆ తర్వాత కెమెరాలు వెళ్లిపోతాయి. ఆ కుటుంబం మాత్రం ఆస్పత్రులు, మున్సిపల్ ఆఫీసులు, కోర్టుల చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. బర్త్ సర్టిఫికెట్‌లో తల్లి అని ఎవరి పేరు రాయాలి? తండ్రి అని ఎవరి పేరు రాయాలి? రికార్డులో ‘మగ’ అని ఉన్న మనిషి కడుపునొప్పితో వస్తే డాక్టర్ ఏం అనుమానించాలి? అసలు కథ ఈ ప్రశ్నల దగ్గరే ఉంది. కవరేజ్ ఎక్కడ మొదలైంది, ఏం చూపించింది, ఏం వదిలేసింది? పూర్తి వివరాలు ఇవీ.

ఒక్క చూపులో..

• 2008 ఏప్రిల్: ఓప్రా విన్‌ఫ్రే షోలో థామస్ బీటీ. ‘గర్భం దాల్చిన పురుషుడు’ అనే మాట ప్రపంచమంతా పాకింది.
• 2014 ఏప్రిల్: ట్రాన్స్‌జెండర్ల గుర్తింపు హక్కుపై భారత సుప్రీంకోర్టు నల్సా తీర్పు.
• 2019 సెప్టెంబర్: బ్రిటన్ జర్నలిస్టు ఫ్రెడ్డీ మెక్‌కానెల్ చట్టప్రకారం ‘తల్లి’యేనన్న లండన్ హైకోర్టు.
• 2023 ఫిబ్రవరి 8: కోజికోడ్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో బిడ్డకు జన్మనిచ్చిన ట్రాన్స్ మ్యాన్ జహాద్.
• 2025 జూన్ 2: బర్త్ సర్టిఫికెట్‌లో తల్లి, తండ్రి కాలమ్స్ తీసేసి ‘తల్లిదండ్రులు’ అని రాయాలన్న కేరళ హైకోర్టు.

ఇంతకీ ట్రాన్స్ మ్యాన్ అంటే ఎవరు?

పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదై, తనను తాను పురుషుడిగా గుర్తించుకుని, పురుషుడిగా బతికే వ్యక్తి ట్రాన్స్ మ్యాన్. పుట్టినప్పుడు మగపిల్లాడిగా నమోదై, మహిళగా బతికే వ్యక్తి ట్రాన్స్ ఉమన్. తెలుగు వార్తల్లో ‘ట్రాన్స్‌జెండర్’ అనగానే చాలామందికి గుర్తొచ్చేది రెండో వర్గమే.. అందులోనూ హిజ్రాలే. ట్రాన్స్ మెన్ అనేవాళ్లు ఉన్నారన్న సంగతే చాలా ఇళ్లలో తెలియదు. అందుకే ‘ట్రాన్స్‌జెండర్‌కు ప్రసవం’ అనే వార్త కనిపించగానే ‘అదెలా కుదురుతుంది?’ అన్న ప్రశ్న వస్తుంది.

ఇంకో అపోహ కూడా ఉంది. ట్రాన్స్ మ్యాన్ అంటే ఆపరేషన్లన్నీ చేయించేసుకున్న వ్యక్తి అనుకుంటారు. నిజానికి ఒక్కొక్కరిది ఒక్కో దారి. కొందరు టెస్టోస్టెరాన్ హార్మోన్ మాత్రమే తీసుకుంటారు. కొందరు రొమ్ములు తీయించుకుంటారు. గర్భసంచి తీయించుకునేవాళ్లు ఉంటారు, ఉంచుకునేవాళ్లూ ఉంటారు. ఏ చికిత్సా తీసుకోని వాళ్లు కూడా ఉంటారు.

మన దేశంలో సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న ఇచ్చిన నల్సా తీర్పులో ఈ విషయాన్ని స్పష్టం చేసింది. తన జెండర్ ఏంటో చెప్పుకునే హక్కు ఆ వ్యక్తిదేనని, గుర్తింపు కోసం ఆపరేషన్ చేయించుకోవాలని పట్టుబట్టకూడదని చెప్పింది. 2019లో పార్లమెంటు తెచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల చట్టం నిర్వచనంలోనూ ఆపరేషన్ జరిగినా, జరగకపోయినా ట్రాన్స్ మ్యాన్ ఆ పరిధిలోకి వస్తారని రాశారు.

గర్భం ఎలా సాధ్యం?

వైద్యపరంగా ఇందులో అద్భుతమేమీ లేదు. గర్భసంచి, అండాశయాలు ఉన్న శరీరం గర్భం దాల్చగలదు. టెస్టోస్టెరాన్ తీసుకునేవారిలో సాధారణంగా నెలసరి ఆగిపోతుంది. హార్మోన్ ఆపేస్తే చాలామందిలో మళ్లీ మొదలవుతుంది. పిండం ఎదుగుదలపై ప్రభావం చూపే ప్రమాదం ఉంది కాబట్టి, గర్భం కోరుకునేవారు డాక్టర్ పర్యవేక్షణలో ముందుగానే టెస్టోస్టెరాన్ ఆపాలి. దాత వీర్యంతో కానీ, భాగస్వామి ద్వారా కానీ గర్భం వస్తుంది. తర్వాత అవే తొమ్మిది నెలలు, అవే స్కానింగులు, అవే నొప్పులు.

2014లో ‘అబ్‌స్టెట్రిక్స్ అండ్ గైనకాలజీ’ అనే వైద్య పత్రికలో ఓ సర్వే వచ్చింది. పురుషుడిగా మారే ప్రయాణం మొదలయ్యాక గర్భం దాల్చిన 41 మందిని అందులో ప్రశ్నించారు. వాళ్లలో 61 శాతం మంది అంతకుముందు టెస్టోస్టెరాన్ వాడినవాళ్లే. అలా వాడినవాళ్లలో కొందరికి నెలసరి తిరిగి రాకముందే గర్భం వచ్చింది. అంటే టెస్టోస్టెరాన్ గర్భనిరోధక మందు కాదన్నమాట. ట్రాన్స్ మెన్ అందరూ తెలుసుకోవాల్సిన విషయం ఇది. కానీ వైరల్ వీడియోల్లో ఇది వినిపించదు.

మరి ఇలాంటి ప్రసవాలు ఒకప్పుడు ఎందుకు బయటికి రాలేదు? చట్టాలు కూడా ఒక కారణం. చాలా దేశాల్లో కాగితాల మీద ‘మగ’ అని మార్చుకోవాలంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ తప్పనిసరి. స్వీడన్‌లో ఈ రూల్ 2013 దాకా ఉంది. ఫ్రాన్స్ కేసుల్లో యూరప్ మానవ హక్కుల కోర్టు 2017లో దీన్ని తప్పుపట్టింది. జపాన్‌లో అయితే 2023 అక్టోబర్‌లో అక్కడి సుప్రీంకోర్టు రాజ్యాంగ విరుద్ధమని చెప్పేదాకా నడిచింది. గుర్తింపు కావాలా, బిడ్డ కావాలా.. రెండిట్లో ఒకటే ఎంచుకోమన్నది చట్టం.

2008: థామస్ బీటీ.. ఒక్క ఫొటోతో ప్రపంచం చూపు

అమెరికాలోని హవాయిలో పుట్టిన థామస్ బీటీ 2002లో చట్టపరంగా పురుషుడిగా నమోదయ్యారు. 2003లో నాన్సీని పెళ్లి చేసుకున్నారు. ఆరోగ్య సమస్యతో ఆమెకు గర్భసంచి తీసేశారు. దాంతో బిడ్డను తానే మోయాలని బీటీ నిర్ణయించుకున్నారు. ఆరెగాన్ రాష్ట్రంలోని బెండ్ అనే ఊళ్లో అప్పుడు వాళ్ల కాపురం.

2008 మార్చిలో ‘ది అడ్వకేట్’ అనే మ్యాగజైన్‌లో ఆయనే స్వయంగా వ్యాసం రాశారు. అందులో ఎక్కువ భాగం డాక్టర్ల గురించే. వైద్యం చేయలేమని చెప్పి పంపేసినవాళ్లు, గడ్డం తీసేసి రమ్మన్నవాళ్లు, ఒక డాక్టర్ నుంచి ఇంకో డాక్టర్ దగ్గరికి తిరిగిన తిరుగుళ్లు.. అంతకుముందు ఓసారి గర్భం గర్భసంచి బయట నిలబడి ప్రాణం మీదకు వచ్చి ఆపరేషన్ జరిగిన సంగతీ రాశారు. అంటే అది వైద్యం అందని మనిషి ఫిర్యాదు. కానీ ప్రపంచం పట్టించుకున్నది దాంతో పాటు వచ్చిన ఫొటోను.

ఏప్రిల్ 3న ఓప్రా విన్‌ఫ్రే షో ప్రసారమైంది. ‘పీపుల్’ మ్యాగజైన్ కవరేజ్ దానికి తోడైంది. షోలో స్కానింగ్ దృశ్యాలు చూపించారు. చికిత్స చేస్తున్న డాక్టర్ కూడా వచ్చి, ఇది మామూలు గర్భమేనని చెప్పారు. ఆ తర్వాత టాక్ షోలు, అర్ధరాత్రి కామెడీ షోలు అందుకున్నాయి. జోకులు, ఎగతాళి, ‘ఇది ఫేక్’ అనే అనుమానాలు. జూన్ 29న ఆయనకు కూతురు పుట్టింది. ఆ తర్వాత 2009లో, 2010లో ఇంకో ఇద్దరు పిల్లలు.

అక్కడితో చాలామంది ప్రేక్షకులకు కథ అయిపోయింది. బీటీకి మాత్రం అసలు చిక్కు తర్వాత వచ్చింది. భార్యాభర్తలు విడిపోవాలనుకున్నారు. 2013లో అరిజోనాలోని ఓ జడ్జి విడాకులు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. పెళ్లి నాటికి బీటీ పురుషుడని చెప్పడానికి తగిన ఆధారం లేదని, అప్పట్లో ఆ రాష్ట్రం ఒకే జెండర్ వాళ్ల పెళ్లిళ్లను గుర్తించదని, కాబట్టి అసలు పెళ్లే చెల్లదని కారణం చెప్పారు. పెళ్లి చెల్లదంటే అది భార్యాభర్తలతో ఆగదు.. పిల్లల సంరక్షణ, పోషణ ఖర్చులు అన్నీ ప్రశ్నలో పడతాయి. 2014 ఆగస్టులో పైకోర్టు ఆ తీర్పును కొట్టేసి, పెళ్లి చెల్లుతుందని చెప్పింది. టీవీ తెర మీద ‘మగాడేనా?’ అని జోకులేసిన ప్రశ్నే కోర్టు హాల్లో ముగ్గురు పిల్లల తండ్రికి ఎదురైంది.

‘తొలి’ అనే ట్యాగ్ ఎంతవరకు నిజం?

బీటీని ‘ప్రపంచంలో గర్భం దాల్చిన తొలి పురుషుడు’ అని లెక్కలేనన్ని చోట్ల రాశారు. అది నిజం కాదు. 1999లోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో మ్యాట్ రైస్ అనే ట్రాన్స్ మ్యాన్ బిడ్డకు జన్మనిచ్చారు. ఆయన భాగస్వామి, రచయిత ప్యాట్రిక్ కలీఫియా 2000లో ‘విలేజ్ వాయిస్’ పత్రికలో ఆ విషయం రాశారు కూడా. గిన్నిస్ రికార్డ్స్ సంస్థ బీటీకి ఇచ్చింది ‘బిడ్డకు జన్మనిచ్చిన తొలి వివాహిత పురుషుడు’ అనే గుర్తింపు. హెడ్‌లైన్లలో ‘వివాహిత’ ఎగిరిపోయింది.

2017 జనవరిలో బ్రిటన్ పత్రిక ‘ద సన్’ హేడెన్ క్రాస్‌ను ‘బ్రిటన్ తొలి గర్భిణి పురుషుడు’గా పరిచయం చేసింది. అదే ఏడాది అమెరికాలోని పోర్ట్‌లాండ్‌కు చెందిన ట్రిస్టన్ రీస్ ప్రసవం మళ్లీ ‘వింత’గా వైరల్ అయింది. ప్రతి దేశంలో, ప్రతిసారీ కొత్తగా ‘తొలిసారి’.

ఈ మాట వల్ల నష్టం ఏంటి? ‘తొలిసారి’ అంటే ఇంతకుముందు ఎవరూ లేరని. ఇంతకుముందు ఎవరూ లేకపోతే డాక్టర్లకు అనుభవం ఉండదు, ఆఫీసుల్లో ఫారం ఉండదు, చట్టంలో చోటు ఉండదు.. ఇవన్నీ సహజమే అనిపిస్తుంది. ప్రతి కేసునూ మొదటిదిగా చూపిస్తే వ్యవస్థలకు ఎప్పటికీ సాకు దొరుకుతుంది. పైగా మొదటి వ్యక్తి అనే ముద్ర పడిన మనిషి మీద ట్రోలింగ్ అంతా ఒక్కసారిగా పడుతుంది.

బ్రిటన్‌లో: కథ చెప్పినా చిక్కే, దాచినా చిక్కే

ఫ్రెడ్డీ మెక్‌కానెల్ స్వయంగా జర్నలిస్టు. ‘గార్డియన్’లో పనిచేశారు. 2017లో చట్టపరంగా పురుషుడిగా సర్టిఫికెట్ తీసుకున్నారు. 2018 జనవరిలో బిడ్డకు జన్మనిచ్చారు. ఆ ప్రయాణాన్ని దర్శకురాలు జీనీ ఫిన్లే ‘సీహార్స్’ పేరుతో డాక్యుమెంటరీ తీశారు. సముద్రపు గుర్రాల్లో పిల్లలను మోసేది మగ జీవే.. అందుకే ఆ పేరు. 2019లో విడుదలైన ఈ చిత్రం టాబ్లాయిడ్ కథనాలకు పూర్తి భిన్నం. హార్మోన్ ఆపినప్పుడు వచ్చే దిగులు, తల్లితో మాటలు, ఒంటరితనం.. అన్నీ ఆయన వైపు నుంచే కనిపిస్తాయి.

అదే సమయంలో కోర్టులో ఇంకో పోరాటం. బిడ్డ బర్త్ సర్టిఫికెట్‌లో తనను ‘తండ్రి’ అని కానీ, ‘పేరెంట్’ అని కానీ రాయాలని మెక్‌కానెల్ కోరారు. అధికారులు ‘తల్లి’ అనే రాస్తామన్నారు. కేసు పేర్లు బయటపెట్టకుండా నడిచింది. కొన్ని మీడియా సంస్థలు పేరు వెల్లడించేందుకు అనుమతి కోరాయి. ఓ పక్క సినిమాతో తన కథను బయటపెట్టారు కదా అన్నది వాళ్ల వాదన. 2019 జులైలో కోర్టు ఆ గోప్యతను ఎత్తేసింది.

ఇక్కడ మీడియాకు పనికొచ్చే పాఠం ఉంది. ఒక మనిషి తన కథను తన మాటల్లో చెప్పుకోవడానికి ఒప్పుకున్నారంటే, ఆ కథలోని ప్రతి కాగితాన్నీ, ముఖ్యంగా బిడ్డకు సంబంధించిన వివరాలను, అందరి ముందూ పెట్టడానికి ఒప్పుకున్నట్టేనా? కోర్టు చట్టం ప్రకారం ఓ జవాబు ఇచ్చింది. న్యూస్‌రూమ్‌లు మాత్రం ఈ ప్రశ్న ప్రతి కేసులోనూ వేసుకోవాల్సిందే.

2019 సెప్టెంబర్ 25న జడ్జి సర్ ఆండ్రూ మెక్‌ఫార్లేన్ తీర్పు ఇచ్చారు. ‘తల్లి’ అంటే జెండర్‌ను బట్టి కాదు, గర్భం మోసి బిడ్డను కనే పాత్రను బట్టి అని చెప్పారు. అంటే ఒకే వ్యక్తి చట్టం దృష్టిలో పురుషుడు, అదే చట్టం దృష్టిలో తల్లి! 2020 ఏప్రిల్‌లో అప్పీల్ కోర్టు కూడా దీన్నే సమర్థించింది. అదే ఏడాది నవంబర్‌లో సుప్రీంకోర్టు కేసు వినడానికి ఒప్పుకోలేదు. జర్మనీ కేసులోనూ అంతే. అక్కడి ట్రాన్స్ మ్యాన్‌ను తల్లిగా నమోదు చేయడం హక్కుల ఉల్లంఘన కాదని యూరప్ మానవ హక్కుల కోర్టు 2023 ఏప్రిల్‌లో చెప్పింది.

కోజికోడ్: ఫొటోషూట్ నుంచి హైకోర్టు దాకా

ఇప్పుడు మన దేశానికి వద్దాం. జహాద్ ట్రాన్స్ మ్యాన్. ఆయన భాగస్వామి జియా పావల్ ట్రాన్స్ ఉమన్, డాన్స్ టీచర్. ఇద్దరూ కోజికోడ్‌లో కలిసి ఉంటున్నారు. బిడ్డ కావాలనుకున్నప్పుడు మొదట దత్తత గురించి ఆలోచించారు. చట్టపరమైన చిక్కులు అడ్డొచ్చాయి. జహాద్‌కు అప్పటికే రొమ్ములు తీసేసే ఆపరేషన్ అయింది. గర్భసంచి మాత్రం తీయలేదు. దాంతో హార్మోన్ చికిత్స ఆపి, గర్భం దాల్చారు.

2023 ఫిబ్రవరి మొదట్లో జియా ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటోలు పెట్టారు. గంటల్లోనే వైరల్. ‘దేశంలోనే తొలి ట్రాన్స్ మ్యాన్ గర్భం’ అంటూ జాతీయ చానళ్ల నుంచి ప్రాంతీయ వెబ్‌సైట్ల దాకా అందరూ ఇచ్చారు. ఫిబ్రవరి 8న కోజికోడ్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో సిజేరియన్ ద్వారా బిడ్డ పుట్టింది. బిడ్డకు పాల కోసం తల్లిపాల బ్యాంకును ఆశ్రయించాలని ముందే అనుకున్నారు.

బిడ్డ పుట్టగానే రిపోర్టర్లు అడిగిన ప్రశ్న ఊహించదగ్గదే.. ఆడా, మగా? జియా చెప్పడానికి ఇష్టపడలేదు. జీవితమంతా పుట్టినప్పుడు పెట్టిన ఆ ముద్రతో పోరాడిన ఇద్దరు, బిడ్డకు అదే ముద్ర మొదటి రోజే వేయడానికి ఒప్పుకోలేదు.

ఆ తర్వాత మున్సిపల్ కార్పొరేషన్ బర్త్ సర్టిఫికెట్ ఇచ్చింది. బిడ్డను కన్న జహాద్‌ను తల్లి అని, జియాను తండ్రి అని, పక్కన ట్రాన్స్‌జెండర్ అని రాసింది. అంటే ఇంట్లో నాన్న కాగితంలో అమ్మ, ఇంట్లో అమ్మ కాగితంలో నాన్న. స్కూల్ అడ్మిషన్, ఆధార్, పాస్‌పోర్ట్.. రేపు ప్రతి కౌంటర్ దగ్గరా బిడ్డ ఈ విషయం వివరించుకోవాల్సిందే. ఇద్దరూ కేరళ హైకోర్టుకు వెళ్లారు. తల్లి, తండ్రి అని కాకుండా ‘తల్లిదండ్రులు’ అని ఒకే మాటగా రాయమన్నారు.

2025 జూన్ 2న జస్టిస్ జియాద్ రెహ్మాన్ తీర్పు ఇచ్చారు. తల్లి, తండ్రి అనే కాలమ్స్ తీసేసి, ఇద్దరినీ వాళ్ల జెండర్ ప్రస్తావన లేకుండా తల్లిదండ్రులుగా చూపిస్తూ కొత్త సర్టిఫికెట్ ఇవ్వాలని ఆదేశించారు. బ్రిటన్‌లో, జర్మనీలో కోర్టులు ఇవ్వనిది ఇక్కడ ఓ రాష్ట్ర హైకోర్టు ఇచ్చింది. ఫొటో వైరల్ కావడానికి పట్టింది కొన్ని గంటలు. కాగితం మీద రెండు కాలమ్స్ మారడానికి రెండేళ్లకు పైనే పట్టింది. నిజంగా ‘తొలిసారి’ అని రాయదగ్గ మలుపు ఏదైనా ఉందంటే అది ఫొటోషూట్‌లో కంటే ఈ తీర్పులోనే ఎక్కువ.

ఒకే హెడ్‌లైన్.. నాలుగు వేర్వేరు విషయాలు

‘మగాడికి కడుపు’ అనే మాటతో యూట్యూబ్‌లో వెతికితే అన్నీ కలగాపులగంగా వస్తాయి. వీటిని విడదీసి చూడాలి.

• పిండంలో పిండం: 1999లో నాగ్‌పూర్‌కు చెందిన ఓ వ్యక్తికి ముంబైలో ఆపరేషన్ చేస్తే కడుపులో కవల పిండం అవశేషాలు బయటపడ్డాయి. అది గర్భం కాదు. ఆయన పుట్టకముందే ఆయన శరీరంలో చిక్కుకుపోయిన కవల అది. చాలా అరుదైన వైద్య పరిస్థితి. దాన్నీ ‘గర్భిణి పురుషుడు’ అనే రాశారు.

• ఉత్తుత్తి వెబ్‌సైట్: లీ మింగ్వే అనే వ్యక్తి గర్భంతో ఉన్నట్టు ఓ వెబ్‌సైట్ ఏళ్ల తరబడి చక్కర్లు కొట్టింది. అది కళాకారులు చేసిన ఆర్ట్ ప్రాజెక్ట్. నిజమని నమ్మినవాళ్లు చాలామంది.

• సినిమాలు: 1994లో హాలీవుడ్ ‘జూనియర్’, 2023 ఆగస్టులో తెలుగులో ‘మిస్టర్ ప్రెగ్నెంట్’. రెండూ కల్పనే. ట్రాన్స్ మెన్ జీవితానికి, వీటికి సంబంధం లేదు.

• పురాణం: యువనాశ్వుడు భార్య కోసం ఉంచిన మంత్రజలం పొరపాటున తాగి గర్భం దాల్చాడని, అలా పుట్టినవాడే మాంధాత అని మహాభారతంలో ఉంది. ఇలాంటి వార్తలొచ్చినప్పుడల్లా ఈ కథ గుర్తు చేసుకునేవాళ్లున్నారు. అయితే అది రుషుల మహిమ కథ. ట్రాన్స్ మ్యాన్ ప్రసవం మహిమ కాదు, మామూలు శరీర ధర్మం.

ఈ నాలుగింటి పక్కన ట్రాన్స్ మ్యాన్ ప్రసవాన్ని పెట్టి ‘వింత వార్తలు’ కేటగిరీలో వేస్తే, చూసేవాళ్లకు అది కూడా రోగమో, మోసమో, కామెడీయో అనిపిస్తుంది.

వింత అనుకుంటే ప్రాణం మీదకు వస్తుంది

ఇది కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదు. 2019 మేలో ‘న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్’లో డాక్టర్లు ఓ కేసు ప్రచురించారు. అమెరికాలో 32 ఏళ్ల వ్యక్తి తీవ్రమైన కడుపునొప్పితో ఎమర్జెన్సీకి వచ్చారు. రికార్డులో ‘మగ’ అని ఉంది. తాను ట్రాన్స్ మ్యాన్ అని, ఇంట్లో చేసుకున్న ప్రెగ్నెన్సీ టెస్ట్ పాజిటివ్ వచ్చిందని కూడా నర్సుకు చెప్పారు. అయినా అత్యవసర కేసుగా చూడలేదు. ఊబకాయం, బీపీ ఉన్న మగ పేషెంట్‌గానే లెక్కేశారు. కొన్ని గంటల తర్వాత డాక్టర్ పరీక్షించేసరికి నిండు గర్భమని, బొడ్డుతాడు జారిందని తేలింది. అప్పటికే ఆలస్యమైంది. బిడ్డ దక్కలేదు.

ఎవరూ కావాలని నిర్లక్ష్యం చేయలేదు, ఉన్న వర్గీకరణలో ఆ మనిషి ఇమడకపోవడమే సమస్య అయిందన్నది ఆ వ్యాసం సారాంశం. పొట్ట ఫొటో కోట్లమంది చూశారు. అయినా ‘మగ పేషెంట్‌కు కూడా గర్భం ఉండొచ్చు’ అన్న మామూలు సమాచారం ఎమర్జెన్సీ వార్డు దాకా చేరలేదు. కవరేజ్ వదిలేసింది ఇదే.

తెలుగులో ఎలా రాయాలి?

తెలుగు న్యూస్ డెస్క్‌కు ఇక్కడ ప్రత్యేకమైన చిక్కుంది. మన క్రియలోనే లింగం దాగి ఉంటుంది. ‘జన్మనిచ్చింది’ అంటే ఆయన్ను మహిళ అన్నట్టు. ‘జన్మనిచ్చాడు’ అంటే వ్యాకరణం సరే కానీ, చాలా థంబ్‌నెయిల్స్‌లో అది వెక్కిరింపుగా మారిపోయింది. పరిష్కారం మన భాషలోనే ఉంది.. ‘జన్మనిచ్చారు’. గౌరవ వాచకం వాడితే లింగం గొడవే ఉండదు. ముఖ్యమంత్రికి, సినిమా హీరోకు వాడే ‘రు’ ఈ వార్తలోనూ వాడితే సరిపోతుంది.

గర్భిణి, గర్భవతి, చూలాలు, బాలింత.. ఇవన్నీ స్త్రీ వాచకాలే. ‘గర్భంతో ఉన్న ట్రాన్స్ మ్యాన్’, ‘ప్రసవమైన వ్యక్తి’ అని రాస్తే అర్థం చెడదు. ‘ఆడదిగా పుట్టి మగాడిగా మారిన’ కంటే ‘పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదైన’ అన్నది సరైన మాట.

పొరుగున తమిళంలో ట్రాన్స్ మ్యాన్‌ను ‘తిరునంబి’ అంటారు. మద్రాస్ హైకోర్టులో 2021లో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ విచారించిన సుష్మ కేసు తర్వాత, తమిళనాడు ప్రభుత్వం 2022లో ఇలాంటి గౌరవప్రదమైన పదాల పట్టికను గెజిట్‌లో ప్రచురించింది. వార్త రాసేవాళ్లకు ఏ మాట వాడాలన్న సందేహం లేకుండా చేసింది.

అంతర్జాతీయంగా న్యూస్ సంస్థలు పాటించే పద్ధతులు కూడా దాదాపు ఇవే చెబుతాయి. పాత పేరు బయటపెట్టొద్దు. మారకముందు ఫొటో, మారాక ఫొటో పక్కపక్కన పెట్టొద్దు. కథకు అవసరం లేకపోతే శరీరం మీద ఏ ఆపరేషన్ జరిగిందో అడగొద్దు. బిడ్డ ముఖం, పేరు తల్లిదండ్రుల అనుమతి లేకుండా చూపించొద్దు. పొట్ట చుట్టూ ఎర్ర సర్కిల్, బాణం గుర్తు వేసిన థంబ్‌నెయిల్ వీటిలో దేనికీ సరిపోదు.

తరచూ వచ్చే ప్రశ్నలు

ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు పెళ్లి చేసుకోవచ్చా?
2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహాలకు గుర్తింపు ఇవ్వలేదు. అయితే స్త్రీ, పురుష సంబంధంలో ఉన్న ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు ప్రస్తుత వివాహ చట్టాల కింద పెళ్లి చేసుకోవచ్చని అదే తీర్పులో చెప్పింది.

ఐవీఎఫ్, సరోగసీ వీళ్లకు అందుబాటులో ఉన్నాయా?
2021లో వచ్చిన రెండు చట్టాలూ దంపతులు, మహిళలు అనే లెక్కలోనే రాసి ఉన్నాయి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల గురించి విడిగా ప్రస్తావన లేదు. అందుకే చికిత్స దొరకడం కష్టం.

కన్న వ్యక్తి పాలివ్వగలరా?
రొమ్ములు తీయించుకున్నారా లేదా, ఎంతవరకు తీశారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. కుదరకపోతే తల్లిపాల బ్యాంకు, ఫార్ములా పాలు ఉన్నాయి.

టెస్టోస్టెరాన్ వాడుతుంటే గర్భం రాదా?
రాదని నమ్మడానికి లేదు. గర్భం వద్దనుకుంటే వేరే గర్భనిరోధక పద్ధతి వాడాలి. గర్భం వచ్చిందన్న అనుమానం ఉంటే వెంటనే గైనకాలజిస్టును కలవాలి. ఎమర్జెన్సీకి వెళ్తే, కార్డు మీద ఏమని ఉన్నా, గర్భసంచి ఉందన్న విషయం డాక్టర్‌కు ముందుగానే చెప్పడం మంచిది.

కేరళ తీర్పు ఏపీ, తెలంగాణల్లో వర్తిస్తుందా?
అది కేరళ హైకోర్టు ఆ కుటుంబం పిటిషన్‌పై ఇచ్చిన ఆదేశం. మిగతా రాష్ట్రాలు దానికి నేరుగా కట్టుబడి ఉండాల్సిన అవసరం లేదు. అయితే జనన మరణాల నమోదుకు మూలం 1969 నాటి కేంద్ర చట్టమే. కాబట్టి ఇక్కడ ఎవరికైనా ఇదే సమస్య వస్తే, హైకోర్టులో ఈ తీర్పును చూపించి వాదించుకునే వీలుంది.